రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు? బెంగళూరులో అమ్మానాన్నల సంరక్షణకు ఇల్లా, డే కేరా, హోమా

అనంతపురం నుంచో నెల్లూరు నుంచో పెద్దవాళ్లను తెచ్చి మారతహళ్లిలో పన్నెండో అంతస్తులో పెట్టుకున్నాక, ఒకనాటికి ఇంట్లో ఈ మాట వస్తుంది: ఇక మనవల్ల అవుతుందా? వెంటనే హోముల ఫోటోలు చూడటం మొదలవుతుంది. తోట, ఫిజియోథెరపీ గది, గోడకు పెద్ద టీవీ. పగలు పదకొండింటికి ఏ చోటైనా బాగానే కనిపిస్తుంది. అసలు తేడా రాత్రి రెండింటికి బయటపడుతుంది. ఆయన బాత్రూమ్‌కి లేచినప్పుడు ఎవరు పట్టుకుంటారు, ఆమె భయంతో కేకేసినప్పుడు ఎవరు వస్తారు, వచ్చినవాళ్లకు ఆమె మాట అర్థమవుతుందా? కింద చెప్పే ప్రతి ఏర్పాటునూ ఈ కొలతతోనే చూడండి.

ముందు మూడు రాత్రుల లెక్క

ఎక్కడికీ ఫోన్ చేయకముందు ఒక నోటుపుస్తకం తీయండి. వరసగా మూడు రాత్రులు, పది నుంచి ఉదయం ఆరు దాకా రాయండి: ఎన్నిసార్లు లేచారు, ఎందుకు లేచారు (ఒంటికా, నొప్పా, భయమా, ఆకలా), లేపడానికి ఒకరు చాలారా ఇద్దరు కావాల్సి వచ్చిందా, మళ్లీ పడుకోవడానికి ఎంతసేపు పట్టింది.

పగటికి ఆరు పనులు: స్నానం, బట్టలు, టాయిలెట్, మంచం మీంచి కుర్చీకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఒక్కోదాని పక్కన "తానే", "చెయ్యి అందిస్తే", "మొత్తం మనమే" అని రాస్తే చాలు. హోముకు వెళ్లినప్పుడు వాళ్లు వేసే ప్రశ్నలూ దాదాపు ఇవే. మీ దగ్గర రాతపూర్వకంగా ఉంటే, తక్కువ చెప్పి చేర్చుకుని తర్వాత నెల బిల్లు పెంచే పద్ధతికి అవకాశం తగ్గుతుంది.

ఇంకో రెండు కొలతలు ఇంట్లోనే చేయొచ్చు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు దాటితే పడే ప్రమాదం ఎక్కువని అర్థం. రెండోది బీపీ. అయిదు నిమిషాలు పడుకోబెట్టి చూడండి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడండి. పై అంకె 20 గాని కింది అంకె 10 గాని పడిపోతే, రాత్రి లేచినప్పుడు కళ్లు తిరిగి పడటానికి కారణం అదే కావచ్చు. అలాంటప్పుడు ముందు చూపించాల్సింది మాత్రలు రాసిన డాక్టరుకు.

అది మతిమరుపేనా, ఇంకేదైనానా

తొందరపాటుతో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. నిన్నటిదాకా పేపరు చదివిన మనిషి రెండు రోజుల్లో మనవణ్ణి గుర్తుపట్టకపోతే అది డిమెన్షియా, అంటే మెల్లగా ముదిరే మతిమరుపు జబ్బు, కాదు. పాతకాలంలో సంధి ప్రేలాపన అనేవాళ్లు, డాక్టర్లు డెలీరియం అంటారు. గంటల్లో, రోజుల్లో వస్తుంది. ఉదయం బాగుండి సాయంత్రం కమ్మేస్తుంది. కొందరిలో కేకలుండవు, మగతగా పడి ఉంటారు, దాన్ని ఇంట్లోవాళ్లు "నీరసం" అనుకుంటారు. డిమెన్షియా నెలల మీద, ఏళ్ల మీద వస్తుంది. సంధికి వెనక దాదాపు ఎప్పుడూ ఒక శారీరక కారణం ఉంటుంది: మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, రోజుల తరబడి మోషన్ కాకపోవడం, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర.

ఆ కారణం చాలాసార్లు ఇలా తయారవుతుంది. రాత్రి లేపితే కోడలికి ఇబ్బంది అనో, కొత్త ఆయాను అడగడానికి సిగ్గనో అత్తగారు సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తారు. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట, ఆ తర్వాత ఇన్‌ఫెక్షన్, దానివల్ల సంధి. ఆ వారంలోనే డిమెన్షియా హోము వెతుకుతారు. కారణానికి వైద్యం అందితే చాలామంది కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తేరుకుంటారు. అప్పటికి హోములో అడ్వాన్సు కట్టేసి ఉంటారు.

మందుల సంచీ ఒకసారి బల్లమీద కుమ్మరించి చూడండి. జలుబుకు కొనే అవిల్ లాంటి మాత్రలు, వణుకుకు వాడే పాసిటేన్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, ఇవన్నీ వయసు మీరినవాళ్లలో మతిని మసకబారుస్తాయి. అల్ప్రజోలం పడేలా చేస్తుంది. షుగర్‌కు గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారికి అన్నం సరిగ్గా తినని రోజు తెల్లవారుజామున లో షుగర్ రావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడితే బీ12 తగ్గుతుంది. ఇవేవీ మీరే ఆపేయకండి, సంచీతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీ12, థైరాయిడ్, సోడియం, షుగర్, మూత్ర పరీక్ష, వినికిడి, కళ్లు చూపించాకే "మతిమరుపు" అన్న మాట నమ్మండి. చెవి వినపడని మనిషి తప్పు జవాబిస్తే మతి పోయిందనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో పెట్టమని అడగడం మర్చిపోకండి. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ తయారుచేసిన పరీక్షల పెట్టె తెలుగు, కన్నడ సహా అయిదు భాషల్లో ఉంది. తెలుగు మాత్రమే వచ్చిన ఆమెను కన్నడంలోనో ఇంగ్లిషులోనో అడిగితే మార్కులు తగ్గుతాయి, ఆ కాగితం మీద లేని జబ్బు పుడుతుంది. హోసూరు రోడ్డులోని మానసిక, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు రాయలసీమ నుంచి రోగులు రావడం కొత్త కాదు, అక్కడ తెలుగు తెలిసినవాళ్లు దొరకడం కష్టం కాదు.

సంధి, డిమెన్షియా తర్వాత మూడోది డిప్రెషన్. మన పెద్దవాళ్లు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. ఆకలి లేదంటారు, ఒళ్లంతా లాగుతోందంటారు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. అరుగు మీద కూర్చుని పదిమందిని పలకరించిన మనిషికి లిఫ్టు దిగితే ముక్కూమొహం తెలియని లోకం. రెండు వారాలు దాటి ఇలా ఉంటే చూపించాలి. "దేవుడు తీసుకుపోతే బాగుండు" అన్న మాటను ముసలి మాటగా కొట్టిపారేయకండి. చనిపోవాలనే ఆలోచన ఉందా అని నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఉందంటే మాత్రల డబ్బాలు తాళంలో పెట్టి, ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక సాయానికి 14416 టెలిమానస్ ఫోన్ లైనులో తెలుగులో మాట్లాడొచ్చు. డిప్రెషన్ మందులు పని చూపడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదలుపెట్టిన కొద్ది వారాల్లో సోడియం ఒకసారి చూడాలి. ఇలాంటి మనిషిని వైద్యం లేకుండా కొత్త చోట చేరిస్తే దిగులు ఇంకా పెరుగుతుంది.

ఇంట్లో కేర్‌టేకర్

రాత్రి ఒకటి రెండుసార్లకు మించి లేవరు, ఒక మనిషి పట్టుకుంటే నడుస్తారు, పగలు ఇంట్లో మనవాళ్లు ఒకరైనా ఉంటారు. ఈ మూడూ ఉంటే ఇల్లే మేలు.

కేర్‌టేకర్లను పంపే బ్యూరో వాళ్లు "24 గంటల మనిషి" అంటారు. మనిషి 24 గంటలు మేలుకోదు. మూడు రాత్రుల లెక్కలో రోజుకు మూడుసార్లు, అంతకు మించి లేవడం ఉంటే ఒక్క మనిషి సరిపోదు, పగలొకరు రాత్రొకరు కావాలి. ఈ లెక్క వేయకుండా పెట్టుకున్న ఇళ్లలో మనిషి నెల తిరక్కుండానే వెళ్లిపోతుంది, లేదా రాత్రి డైపర్ వేసి "లేవొద్దు" అంటుంది. నడవగలిగిన మనిషి అలా కొద్ది వారాల్లో మంచాన పడతారు. రాత్రి డైపర్ ఎవరి సౌకర్యం కోసం వేస్తున్నారో గమనించండి.

అటెండర్ వేరు, నర్సు వేరు. స్నానం, తినిపించడం, డైపర్, నడిపించడం అటెండర్ పని. ముక్కు పైపు ద్వారా ఆహారం, సక్షన్ (గొంతులోని కఫం యంత్రంతో లాగడం), పుండుకు డ్రెసింగ్, ఇంజెక్షన్లు శిక్షణ ఉన్న నర్సు పని. పైపు ద్వారా పెట్టేటప్పుడు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, పైపు సరైన చోటే ఉందో చూడాలి, అయ్యాక నీళ్లతో పైపు కడగాలి, ఆ తర్వాత అరగంటకు పైగా తల ఎత్తే ఉంచాలి, చదునుగా పడుకోబెట్టకూడదు. ఇది చేసి చూపించమనండి. తడబడితే ఆ మనిషి వద్దు, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

బరువు సంగతి ఎవరూ అడగరు. పక్షవాతం వచ్చిన 75 కిలోల మనిషిని 45 కిలోల అమ్మాయి ఒక్కతే లేపలేదు. ఇద్దరూ పడతారు. నడుముకు కట్టే బెల్టు, లేదా అద్దెకు దొరికే ఎత్తే యంత్రం, లేదా ఇద్దరు మనుషులు కావాలి.

ఖర్చు పోల్చేటప్పుడు జీతం ఒక్కటే చూడకండి. బ్యూరో కమిషన్, ఆ మనిషి భోజనం, పడక, సెలవు రోజుల్లో వచ్చే బదులు మనిషి, రోజుకు నాలుగు చొప్పున నెలకు 120 డైపర్లు, మంచం, ఎయిర్ బెడ్, ఇంటికొచ్చే ఫిజియో, వీటన్నిటితో కలిపి కూడితే హోము రేటుతో తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. బదులు మనిషి ఎన్ని గంటల్లో వస్తారో రాయించుకోండి. ఆ మధ్యలో సెలవు పెట్టేది ఇంట్లో ఎవరో ఇప్పుడే తేల్చుకోండి. చెప్పకపోయినా అది ఇంటి ఆడవాళ్లే అని అందరూ అనుకుంటారు, తర్వాత గొడవలన్నీ అక్కడే.

భాష ఇంకో చిక్కు. ఇక్కడ దొరికే కేర్‌టేకర్లలో ఒడిశా, జార్ఖండ్, అస్సాం వైపు వాళ్లు చాలామంది. హిందూపురం, మదనపల్లె పెద్దవాళ్లకు కన్నడం కొంత తెలుసు, గుంటూరు వాళ్లకు అదీ లేదు. డిమెన్షియా ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోతాయి. ముప్పై ఏళ్లు హిందీలో ఉద్యోగం చేసినా చివరికి తెలుగే మిగులుతుంది. అందుకే ముప్పై మాటల కాగితం ఒకటి రాసి మంచం దగ్గర అంటించండి: దాహం, నొప్పి, ఒంటికి, రెండుకి, చలి, కడుపు, భయం, ఆయన భార్య పేరు, ఊరి పేరు. తెలుగు మాట ఎలా పలకాలో కేర్‌టేకర్‌కు వచ్చిన లిపిలో రాయాలి.

డే కేర్: తక్కువమందికి గుర్తొచ్చే దారి

రాత్రి బాగా పడుకుంటారు, పగలు ఒంటరితనంతోనో మతిమరుపుతోనో ఇబ్బంది, ఇంట్లో ఇద్దరూ ఆఫీసుకు వెళతారు. దీనికి పగలు ఉంచుకుని సాయంత్రం ఇంటికి పంపే డే కేర్ అన్నిటికన్నా సరిపోతుంది, ఎందుకో దీన్ని చివర్లో చూస్తారు. పగలు మేలుకుని, నడిచి, నలుగురితో ఉంటే రాత్రి నిద్ర కూడా మెరుగుపడుతుంది. అడ్డంకి ఒక్కటే, ట్రాఫిక్. సర్జాపూర్ రోడ్డు మీద గంటన్నర వ్యానులో కూర్చుంటే ప్రోస్టేట్ ఉన్నాయన మూత్రం ఆపుకోలేరు, మర్నాటి నుంచి రానంటారు. దారి 30 నిమిషాలు దాటితే మానుకోండి. మంచాన ఉన్నవారికీ, రాత్రిళ్లు తిరిగేవారికీ ఇది పనికిరాదు.

సీనియర్ అపార్ట్‌మెంట్లు, అసిస్టెడ్ లివింగ్

తమ పనులు తాము చేసుకుంటూ, వంట, ఇల్లు ఊడ్చుకోవడం మాత్రం భారమైన దంపతులకు, ఆ పనులు అక్కడివాళ్లే చూసే ఈ ఇళ్లు బాగుంటాయి. ఆరు పనుల్లో రెండింటికి మించి సాయం కావాలంటే వద్దు. చేరేముందు ఒకటే అడగండి: మంచాన పడితే ఉంచుతారా, పంపేస్తారా? "అప్పుడు చూద్దాం" అంటే పంపేస్తారని అర్థం.

మంచాన పడ్డవారికి నర్సింగ్ హోము

ఇక్కడ నర్సింగ్ హోము అంటే ఆసుపత్రి కాదు, నర్సులు రాత్రింబవళ్లు చూసుకునే హోము. పక్షవాతం, తుంటి విరిగిన తర్వాతి రోజులు, పైపులు, పుండ్లు. ఇక్కడ కొలత ఒకటే, చర్మం. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. నడుము కింద, తుంటి పక్కన, మడమల మీద ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పడక పుండు మొదలైనట్టే. నల్లటి చర్మం మీద ఎరుపు కనబడదు, వేడిగానో గట్టిగానో తగులుతుంది. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానేయడం అన్నిచోట్లా జరిగే తప్పు. కరెంటు పోతే పంపు ఆగి పరుపు చదునవుతుంది, జనరేటర్ ఏ గదులకు వస్తుందో అడగండి. మధ్యలో చిల్లున్న రబ్బరు రింగులు వద్దు, చుట్టూ రక్తప్రసరణ ఆపి పుండు పెంచుతాయి.

మంచం దగ్గర తిప్పిన వేళల కాగితం ఉంటుంది. రెండు, నాలుగు, ఆరు అని ఒకే పెన్నుతో ఒకే చేతిరాతతో నింపి ఉంటే అది షిఫ్టు చివర ఒకేసారి రాసినది. నెలనెలా బరువు రాస్తున్నారా చూడండి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే ఎవరో ఒకరు లేచి కారణం వెతకాలి. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి (కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు చెప్పినంత). 55 కిలోల ఆమెకు 55 గ్రాములకు పైనే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం రసం అన్నం, రాత్రి మజ్జిగ అన్నంతో అది రాదు. గుడ్డులో 6 గ్రాములే.

రుచి కూడా చిన్న విషయం కాదు. సాంబారులో బెల్లం వేసే వంటకు కర్నూలు నాలుక ఒప్పుకోదు, పళ్లెం పక్కకు తోస్తుంది. కందిపొడి, నెయ్యి పంపనిస్తారా అడగండి. ఆవకాయ బీపీని చూసి.

డిమెన్షియా హోము

ఇల్లు వదిలి బయటికి వెళ్లిపోవడం, రాత్రంతా తిరగడం, గ్యాస్ తెరిచి మర్చిపోవడం, కొట్టడం, చూసుకునే భార్యకే బీపీ లేచి మంచమెక్కడం. వీటిలో రెండు వచ్చాయంటే ఇంట్లో లాగడం త్యాగం కాదు, ప్రమాదం. మామూలు ఓల్డేజ్ హోము దీనికి చాలదు. కస్తూరినగర్‌లో నైటింగేల్స్ మెడికల్ ట్రస్ట్ నడిపే కేంద్రం లాంటివి దీనికోసమే కట్టినవి. మరోచోట చూస్తున్నా దేనికోసం చూడాలో అలాంటి చోటికి ఒకసారి వెళ్తే తెలుస్తుంది: బయటి గేటు మూసి ఉన్నా లోపల తిరగడానికి చుట్టూ దారి, గది తలుపుకు బొమ్మ గుర్తు, వెలుతురున్న సాయంత్రం వరండా.

సాయంత్రం అయిదు నుంచి ఏడు మధ్య వెళ్లండి. మతిమరుపున్నవారికి కంగారు పెరిగేది అప్పుడే, షిఫ్టు మారేదీ దాదాపు అప్పుడే. "ఇంటికెళ్లాలి" అని ఏడుస్తున్న ఆమెతో సిబ్బంది ఏం చేస్తున్నారు? చెయ్యి పట్టుకుని నడుస్తున్నారా, కూర్చోమని గదమాయిస్తున్నారా, కుర్చీకి గుడ్డతో కట్టారా? పగలు ఎంతమంది కుర్చీల్లో తల వాల్చి నిద్రపోతున్నారో కూడా లెక్కపెట్టండి. కంగారు తగ్గించడానికి ఇచ్చే క్వెటియాపిన్, రిస్పెరిడోన్ వంటి మందులు డిమెన్షియా ఉన్నవారిలో పక్షవాతం, మరణం ముప్పు పెంచుతాయి. కొందరికి తప్పవు. కానీ ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పుడు తగ్గిస్తారు అన్న మూడింటికీ జవాబుండాలి. మీకు చెప్పకుండా మొదలుపెట్టరాదని ఒప్పందంలో రాయించండి.

ఒప్పందం మీద సంతకానికి ముందు

రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఎందరు, ఆ అంకె రాతలో కావాలి. నర్సింగ్ సేవలు ఇస్తామనే చోట కర్ణాటక ప్రైవేటు వైద్యసంస్థల చట్టం కింద నమోదు కాగితం చూపమనండి. రాత్రి పడిపోతే ఏ ఆసుపత్రికి, ఎవరు వెంట వెళ్తారు, మీకు ఎన్ని నిమిషాల్లో ఫోన్ వస్తుంది? ఆసుపత్రిలో ఉన్న రోజులకూ గది అద్దె కట్టాలా? డైపర్లు, ఫిజియో, డాక్టరు రాక లోపలా పైనా? నీళ్ల ట్యాంకర్లు ఎండాకాలంలో ఎక్కడినుంచి? 2024 వేసవి చూసినవాళ్లకు ఈ ప్రశ్న వింతగా అనిపించదు. నీళ్లు తగ్గితే మొదట తగ్గేది మంచాన ఉన్నవారి స్నానమే. ఆరోగ్య బీమా ఆసుపత్రి చేరికకే గాని నెలవారీ హోము బిల్లుకు రాదు.

ఇల్లు రాసిస్తే జీవితాంతం చూస్తాం అనే బంధువులకైనా సంస్థలకైనా తొందరపడి సంతకం పెట్టించకండి. రాయక తప్పదంటే, చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ఆ షరతు ఉన్నప్పుడే గట్టిగా పనిచేస్తుంది. వేధింపు, నిర్లక్ష్యం కనిపిస్తే దేశమంతటా 14567, బెంగళూరులో పోలీసులతో కలిసి నడిచే పెద్దల హెల్ప్‌లైన్ 1090.

దూరం విషయంలో మా మాట గట్టిదే. ఎక్కువసార్లు చూడ్డానికి వెళ్లే మనిషి ఇంటికి 40 నిమిషాల్లో ఉన్న మామూలు హోము, రెండు గంటల దూరంలోని తోటల హోముకన్నా మంచిది. వారంలో రెండుసార్లు, వేళ చెప్పకుండా వచ్చే బంధువున్న మంచం దగ్గర పని వేరుగా జరుగుతుంది.

మొదటి నాలుగు వారాలు

వీలైతే నెల రోజులు అద్దెకు ఉంచి చూడండి, ఇంట్లో గది ఖాళీ చేయకండి. మొదటి రెండు మూడు వారాలు ఏడుపు, అలక, నిద్ర పట్టకపోవడం మామూలే. మూడో రోజుకే వెనక్కి తెచ్చేయకండి. రెండు కిలోల బరువు తగ్గడం, చేతుల మీద కమిలిన మచ్చలు, పగలంతా మగత, కొత్తగా మూత్రం తెలియకపోవడం మాత్రం అలవాటు పడటం కాదు, ఆ రోజే డాక్టరును పిలవండి.

చేర్చే రోజు వెంట పంపాల్సినవి: మాత్రల పట్టీ, వేళలతో. పాత ఈసీజీ, చివరి రక్త పరీక్షలు. పేరు రాసిన కళ్లజోడు, పళ్ల సెట్టు డబ్బా, వినికిడి యంత్రం, దాని బ్యాటరీలు రెండు కార్డులు. ఇంటి దుప్పటి. ముప్పై మాటల కాగితం. పైన ఆయన్ను ఏమని పిలిస్తే పలుకుతారో రాయండి: "సార్" అంటే చూడని మనిషి "మాస్టారూ" అంటే తల తిప్పుతారు.